చీటీ లేకుండా కళ్లద్దాలు అమ్మితే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బోర్డు మీది అక్షరాలు సరిగ్గా చూడలేకపోతున్నాడని క్లాస్ టీచర్ డైరీలో రాసి పంపారు. ఆసుపత్రికి వెళ్తే రోజంతా పోతుందని దగ్గర్లో ఉన్న కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లాం. 'కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం' అని పెద్ద బోర్డు ఉంది. మెషీన్‌లో చూసి రెండు కళ్లకీ మైనస్ సైటు ఉందని చెప్పి, 1,850 రూపాయలకి జోడు ఇచ్చారు. అవి పెట్టుకున్నప్పటి నుంచీ వాడికి తలనొప్పి. అడిగితే 'కొత్త కదా, అలవాటు పడాలి' అంటూ రెండు నెలలు గడిపేశారు. చివరికి కంటి ఆసుపత్రికి వెళ్తే చుక్కలు వేసి చూసి, వాడికి కావలసింది ప్లస్ పవరనీ, ఎడమ కంటికి చూపు చాలా తక్కువగా ఉందనీ, లేజీ ఐ అంటారనీ, కుడి కంటికి ప్యాచ్ వేయాలనీ చెప్పారు. షాపుకెళ్లి అడిగితే 'మెషీన్ చూపించిందే ఇచ్చాం, తయారుచేసిన అద్దాలు వాపసు తీసుకోం' అన్నారు. బిల్లు ఇవ్వలేదు. అడ్వాన్సు రాసిన చిన్న చీటీ ఉంది, డబ్బు మాత్రం ఫోన్‌లో కట్టాను. డాక్టరు చీటీ లేకుండా కళ్లద్దాలు అమ్మడం నేరం కాదా? ఆ షాపు మూయించాలంటే ఎవరికి చెప్పాలి? మా మామయ్యగారు కూడా బీసెంట్ రోడ్డులో బండి మీద 150 రూపాయలకు కొన్న జోడుతోనే పేపరు చదువుకుంటారు, అదీ తప్పేనా? 'చిన్న షాపువాడి కడుపు కొట్టడం ఎందుకు, వదిలెయ్ వదినా' అంటున్నాడు మా మరిది.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, షాపు సంగతి తర్వాత చూద్దాం. ముందు బాబు కన్ను. డాక్టరు చెప్పిన జోడు చేయించారో లేదో మీ ఉత్తరంలో లేదు. చేయించకపోతే ఈ వారంలోనే చేయించండి. ప్యాచ్ రోజుకి ఎన్ని గంటలు అన్నారో అన్ని గంటలూ వేయండి. పిల్లవాడు పీకేస్తాడు, ఏడుస్తాడు, స్కూల్లో ఎగతాళి చేస్తున్నారంటాడు. అయినా మానకండి. లేజీ ఐ అంటే కంటిలో పుండో పొరో కాదు. ఆ కన్ను పంపే మసక బొమ్మను మెదడు పక్కన పెట్టేసి, మంచి కంటితోనే పని నడిపించుకోవడం. దాన్ని మళ్లీ వాడుకలోకి తేవడానికి చిన్న వయసే అనువైన సమయం. ఏడేళ్లు దాటితే ఇక లాభం లేదని చాలామంది భయపెడతారు. అమెరికాలో 2005లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 7 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సరైన అద్దాలతో పాటు ప్యాచ్, చుక్కలు కలిపి ఇస్తే సగానికి పైగా మందిలో చూపు మెరుగైంది. మీవాడికి ఎనిమిదే. రెండు నెలలు పోయాయన్న బాధ నాకు అర్థమవుతోంది, కానీ ఇంకా వేళ మించిపోలేదు.

ఇక ఆ షాపులో ఏం జరిగిందో మీరు అర్థం చేసుకోవాలి. రేపు ఫిర్యాదు రాయాల్సింది మీరే కాబట్టి.

స్టూల్ మీద కూర్చోబెట్టి, గడ్డం ఆనించి, 'లోపల బెలూన్ కనబడుతోందా, దాన్నే చూడు' అంటారు. పొడుగాటి రోడ్డు చివర రంగుల బెలూన్, అది ఓసారి మసకబారి మళ్లీ స్పష్టమవుతుంది. మెషీన్ టక్కున చిన్న కాగితం బయటికి వదులుతుంది. దాని మీద ఆర్, ఎల్ అని కుడి ఎడమలకి, పక్కన స్ఫియర్, సిలిండర్, యాక్సిస్ అంకెలుంటాయి. చాలా ఉపయోగపడే యంత్రమే అది. పెద్ద ఆసుపత్రుల్లోనూ మొదట దాని ముందే కూర్చోబెడతారు. కానీ అక్కడ ఆ కాగితం పరీక్షకు ఆరంభం మాత్రమే. దాన్ని చేతిలో పెట్టుకుని ట్రయల్ ఫ్రేములో ఒక్కో అద్దం మారుస్తూ, ఒక్కో కన్నూ మూసి, 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడుగుతారు. పిల్లలైతే అంతకుముందే చుక్కలు వేసి కంటిలోని కండరాన్ని వదులు చేస్తారు. ఎందుకంటే ఎనిమిదేళ్ల పిల్లవాడి కంటికి దగ్గర వస్తువు మీద బిగుసుకునే శక్తి చాలా ఎక్కువ. మెషీన్‌లోని బొమ్మ దూరంగా ఉన్నట్టు కనబడినా, పెట్టె తన ముఖానికి ఆనుకునే ఉందని వాడికి తెలుసు. కన్ను బిగుసుకుంటుంది. ఆ బిగువులో ప్లస్ పవర్ దాక్కుని, లేని మైనస్ కాగితం మీదికి వస్తుంది. మీవాడి విషయంలో జరిగింది ఇదే అయి ఉండాలి. దాని పైన మళ్లీ మైనస్ అద్దాలు పెడితే కన్ను మరింత కష్టపడుతుంది, తలనొప్పి రాక ఏమవుతుంది? ఒక్కో కన్ను మూసి చార్టు చదివించి ఉంటే ఎడమ కన్ను సంగతి అక్కడే బయటపడేది. కళ్లజోడు ఇవ్వడం కాదు, ఆ ఒక్క పని చేయకపోవడమే అసలు తప్పు.

అందుకే 'మెషీన్ చూపించిందే ఇచ్చాం' అన్న వాళ్ల మాటను వాళ్ల సమర్థనగా తీసుకోకండి. అది వాళ్లు ఒప్పుకున్న తప్పు. ఫిర్యాదులో యథాతథంగా రాయండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. చీటీ లేకుండా కళ్లద్దాలు అమ్మడమే నేరం అని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. చెప్పడానికి నాకే కష్టంగా ఉంది, కానీ లేనిదాన్ని ఉందని చెప్పి మిమ్మల్ని పోలీస్ స్టేషన్ చుట్టూ తిప్పలేను. బ్రిటన్‌లో ఉంది. అక్కడి 1989 నాటి ఆప్టీషియన్స్ చట్టం ప్రకారం 16 ఏళ్లలోపు పిల్లలకు కళ్లద్దాలు అమ్మాలంటే రిజిస్టరైన ఆప్టీషియనో (అద్దాలు అమర్చి ఇచ్చే నిపుణులు), ఆప్టోమెట్రిస్టో (చూపు పరీక్షించి పవర్ రాసే నిపుణులు), డాక్టరో స్వయంగా అమ్మాలి, లేదా వాళ్ల పర్యవేక్షణలో అమ్మాలి. పెద్దవాళ్లకు ఇతరులు అమ్మవచ్చు, కానీ రెండేళ్లలోపు రాసిన చీటీ ఉండాలి. పిల్లలనూ పెద్దలనూ వేరుచేసి చూసిన ఆ పద్ధతి నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ సర్దుకోవు. కెనడాలోని ఒంటారియోలో కంటి పరీక్ష, కళ్లద్దాల పంపిణీ రిజిస్టరైన నిపుణుల చేతిలోనే ఉండాలన్న నిబంధన ఉంది. అక్కడ ఒక కళ్లజోళ్ల షాపుల సంస్థ సరైన చీటీ లేకుండా, అచ్చం మీరు చూసినట్టే కంప్యూటర్ పరీక్షతో అద్దాలు అమ్ముతూ పోయింది. మానమని కోర్టు ఉత్తర్వు ఇచ్చినా మానలేదు. 2006లో కోర్టు ధిక్కారం కింద పది లక్షల డాలర్ల జరిమానా పడింది. అంతవరకూ ఆ కేసు నడిపింది ఎవరు? ఆప్టోమెట్రిస్టుల నియంత్రణ మండలి, పట్టు వదలకుండా. ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వెంటపడితే తప్ప ఏ చట్టమూ షాపు గుమ్మం దాకా తనంతట తాను నడిచి రాదు. మన దగ్గర ఆ పని ప్రస్తుతానికి మీలాంటి తల్లిదండ్రుల మీదే పడుతోంది. అది అన్యాయమే, కానీ వాస్తవం.

మీ చేతిలో ఉన్న బలమైన ఆయుధం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోననడం కూడా అంతే. కాబట్టి 'తయారుచేసిన అద్దాలు వాపసు తీసుకోం' అన్న వాళ్ల మాటకి లోపమున్న సరుకు విషయంలో విలువ లేదు. మీకు రెండు నెలలు గడిచాయి కదా అంటారా? తలనొప్పి అని మొదటి నెలలోనే వెళ్లారు, అలవాటు పడాలని తిప్పి పంపింది వాళ్లే. ఆ తేదీలు, వాట్సాప్ మెసేజీలు ఉంటే బయటికి తీయండి. పైగా లోపభూయిష్టమైన సేవ అన్న అంశానికి ఆ 30 రోజులతో పనిలేదు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు ఎప్పుడైనా ఫిర్యాదు చేయవచ్చు.

వాళ్ల తరఫు వకీలు తప్పకుండా ఒక వాదన తెస్తారు: 'పరీక్ష ఉచితం, ఉచిత సేవ చట్టం కిందికి రాదు' అని. దీనికి సిద్ధంగా ఉండండి. మీరు ఆ షాపుకి వెళ్లింది ఉచిత శిబిరానికి వెళ్లినట్టు కాదు. ఆ పరీక్ష ఆధారంగానే 1,850 రూపాయల సరుకు అమ్మారు, పరీక్ష ఆ అమ్మకంలో భాగం, దాని ఖర్చు ఆ ధరలోనే ఉంది. ఈ మాట ఫిర్యాదులో ముందే రాసుకోండి.

సాక్ష్యం గురించి కాస్త వివరంగా చెబుతాను, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. కోపంలో ఆ జోడును షాపువాడి బల్ల మీద విసిరేసి రాలేదు కదా? అదే మీ ముఖ్య సాక్ష్యం, జాగ్రత్తగా డబ్బాలో పెట్టండి. తర్వాత దాన్ని తీసుకుని ఏదైనా కంటి ఆసుపత్రి ఆప్టికల్ విభాగానికి వెళ్లండి. లెన్సోమీటర్ అని చిన్న పరికరం ఉంటుంది, మైక్రోస్కోప్‌లా కనబడుతుంది. జోడును దాని కింద పెట్టి, చక్రం తిప్పి, లోపలి గీతలు స్పష్టంగా కనబడిన చోట ఆపితే అద్దంలో ఎంత పవర్ ఉందో తెలుస్తుంది. రెండు నిమిషాల పని. ఆ పవర్ తేదీతో సహా కాగితం మీద రాసి సంతకం, ముద్ర వేసి ఇమ్మని అడగండి. ఒక కాగితంలో ఆ మైనస్, పక్కనే ఆసుపత్రి చీటీలో ప్లస్ ఉంటే వినియోగదారుల కమిషన్ సభ్యులకు ఇంకెవరూ కంటి పాఠం చెప్పక్కర్లేదు. ఆ మెషీన్ ఇచ్చిన బుల్లి కాగితం మీ దగ్గరుంటే ఈరోజే జిరాక్స్ తీయించండి. చాలా మెషీన్లలో వాడేది బస్సు టిక్కెట్టు లాంటి థర్మల్ కాగితం, కొన్ని నెలల్లో అక్షరాలు ఎగిరిపోతాయి. బిల్లు లేకపోయినా ఫోన్‌లో డబ్బు కట్టిన వివరం, అడ్వాన్సు చీటీ చాలు. ఆ బోర్డును కూడా రోడ్డు మీద నిలబడి ఫోటో తీసుకోండి.

ఆసుపత్రి ఫైలు ఇవ్వడానికి ఎవరైనా వెనకాడితే, రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉందని మర్యాదగా గుర్తుచేయండి.

ఇక అడుగులు. మొదట షాపు యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వకీలు అక్కర్లేదు, ఈ మాత్రం రాస్తే సరిపోతుంది: 'ఫలానా తేదీన మా ఎనిమిదేళ్ల బాబుకి మీ షాపులో యంత్రంతో మాత్రమే పరీక్ష చేసి, ఒక్కో కంటి చూపు విడిగా చూడకుండా, వైద్యుల చీటీ లేకుండా కళ్లద్దాలు అమ్మారు. బిల్లు ఇవ్వలేదు. వైద్యుల పరీక్షలో ఆ పవర్ పూర్తిగా తప్పని తేలింది. 15 రోజుల్లోగా సొమ్ము వాపసు ఇచ్చి, చికిత్స ఖర్చు చెల్లించాలి.' కాపీ, పోస్టు రశీదు దాచుకోండి. చాలా గొడవలు ఈ నోటీసుతోనే తేలిపోతాయి. తేలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. అప్పటికీ కదలకపోతే విజయవాడలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే చోటే వేసుకోవచ్చు, కొన్న సరుకు విలువ 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, మీరే స్వయంగా వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు.

షాపు మూయించాలని అడగకండి. మీ కోపాన్ని తక్కువ చేసి అంటున్న మాట కాదు. కమిషన్‌కి ఉన్న అధికారాల్లో సొమ్ము వాపసు, నష్టపరిహారంతో పాటు, అనుచిత వ్యాపార పద్ధతిని ఆపి మళ్లీ చేయవద్దని ఆదేశించడం కూడా ఉంది. దాన్ని అడగండి. 'పిల్లలకు డాక్టరు గానీ ఆప్టోమెట్రిస్టు గానీ రాసిన చీటీ లేకుండా కళ్లద్దాలు అమ్మకుండా, ఆ ఉచిత పరీక్ష బోర్డు తీసేసేలా ఆదేశించండి' అని ఫిర్యాదులో మీరు కోరేవాటిలో ఒక వాక్యం చేర్చండి. మూసిన షాపు పక్క వీధిలో ఇంకో పేరుతో తెరుచుకుంటుంది. కమిషన్ ఉత్తర్వు పక్క వీధి షాపువాళ్లు కూడా చదువుతారు.

దీంతో పాటే ఇంకో దారి. జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద, అనుచిత వ్యాపార పద్ధతుల మీద జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేసే హక్కు ఇదే చట్టంలోని 17వ సెక్షన్ ఇస్తోంది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక నడుస్తుంది కదా, ఆ బోర్డు ఫోటో జతచేసి అర్జీ పెట్టండి. సెక్షన్ నంబరు అర్జీ మొదటి వాక్యంలోనే రాయండి, లేకపోతే అది ఏ శాఖకో చేరి తిరుగుతూ ఉంటుంది.

ఇంకొకటి కనుక్కోండి: ఆ రోజు పరీక్ష చేసిన మనిషి ఎవరు? ఆప్టోమెట్రీ చదివినవారా, లేక నిన్నటిదాకా ఫ్రేములు తుడిచిన కుర్రాడా? ఆప్టోమెట్రిస్టులను గుర్తింపు పొందిన ఆరోగ్య వృత్తినిపుణులుగా 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో చేర్చారు. శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టులు ఉన్న షాపులు విజయవాడలో, గుంటూరులో చాలా ఉన్నాయి. పిల్లవాడిని చూడగానే 'అమ్మా, వీడికి చుక్కలు వేసి చూడాలి, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి' అని బేరం వదులుకుని మరీ పంపేవాళ్లను నేను ఎరుగుదును. వాళ్లను ఈ గాటన కట్టకూడదు. అలా కాకుండా, డాక్టరు కానివారు మీతో డాక్టరునని చెప్పి ఉంటే మాత్రం సంగతి వేరు. రిజిస్టర్ కాకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అప్పుడు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి రాయండి. అలా అన్నారని ఖాయంగా గుర్తుంటేనే రాయండి, ఊహించి రాయకండి.

మీ మామయ్యగారి 150 రూపాయల జోడు గురించి. దాన్ని ఈ తగువులోకి లాగవద్దు. నలభై దాటాక వచ్చే చత్వారానికి, దూరపు చూపు బాగానే ఉండి, రెండు కళ్లకీ ఒకే పవర్ సరిపోయేవాళ్లకి, రెడీమేడ్ చదువు అద్దాలు చక్కగా పనిచేస్తాయి. అంత కట్టుదిట్టమైన బ్రిటన్ చట్టం కూడా ప్లస్ 4 దాకా ఇలాంటివాటిని చీటీ లేకుండా అమ్మనిస్తుంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు చదువు అద్దాలు ఇచ్చి చూస్తే వాళ్లు కోసే ఆకు 20 శాతానికి పైగా పెరిగిందని 2018లో ఒక పరిశోధన తేల్చింది. సూదిలో దారం ఎక్కించే దర్జీకి, మిరపకాయల్లో తాలు ఏరే గుంటూరు యార్డు కూలీకి ఆ బండే దిక్కు. ఆ బండ్లను తరిమితే నష్టపోయేది వాళ్లే, మీ బాబుకి న్యాయం జరిగేదీ లేదు.

కానీ మామయ్యగారు కంటి డాక్టరును చూసి ఎన్నాళ్లయింది? నీటికాసులు (గ్లకోమా) వస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, పేపరు కూడా ఎప్పటిలాగే చదవగలుగుతారు, చూపు మాత్రం పక్కల నుంచి తరిగిపోతూ వస్తుంది. సుగర్ ఉంటే రెటీనా దెబ్బతినేదీ ఇలాగే చప్పుడు లేకుండానే. ఒక్కోసారి శుక్లం ముదిరే దశలో దగ్గరి చూపు ఉన్నట్టుండి మెరుగైనట్టు అనిపించి, 'నాకు అద్దాల అవసరమే తీరిపోయింది' అని సంబరపడతారు. తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు, గుంటూరు వైపు వాళ్లకు పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వాసుపత్రి ఓపీ ఎటూ ఉంది. బాబును మళ్లీ చూపించడానికి వెళ్లే రోజునే ఆయన్నీ వెంటబెట్టుకెళ్లండి.

మీ మరిది మాట మంచి మనసుతో అన్నదే. చిన్న షాపువాడి బతుకు నాకూ ముఖ్యమే. కానీ ఆయన్ని ఒక్కటి అడగండి: అదే షాపువాడు తన పిల్లవాడికి ఆ మెషీన్ కాగితం చూసి జోడు పెట్టేస్తాడా? ఫిర్యాదు వల్ల అతనికి పోయేది 1,850, మహా అయితే మరికొంత. పోతే పోనీ అని ఊరుకుంటే రేపు ఇంకో టీచరు ఇంకో డైరీలో రాసి పంపిన పిల్లవాడు అదే స్టూల్ మీద కూర్చుంటాడు.

కొత్త జోడు కొనేటప్పుడు ఆసుపత్రి చీటీ చేతిలో పెట్టుకుని ఎక్కడైనా కొనుక్కోవచ్చు, అక్కడి షాపులోనే కొనాలని లేదు. రెండు నల్లగుడ్ల మధ్య దూరం కొలిచాకే ఆర్డరు ఇవ్వండి. పిల్లలకి పాలీకార్బనేట్ అద్దాలు అడగండి, పడినా తేలిగ్గా పగలవు. బిల్లు మీద రెండు కళ్ల పవరూ రాయించుకోండి. చూపు సరిచేసే కళ్లద్దాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే, అంతకంటే ఎక్కువ వేస్తే అడగండి. జోడు చేతికి రాగానే అక్కడే లెన్సోమీటర్ కింద పెట్టి చూపించమనండి, చీటీలో అంకెలూ అక్కడి అంకెలూ కలిశాకే మిగతా డబ్బు కట్టండి.